తెల్ల పాస్తాకు కారం అంటని చేతులు

తెల్ల పాస్తాను నేను మొదట చూసింది నా మనవరాలి ఫోనులో. పళ్లెం నిండా తెల్లగా, జిగటగా, దారాలు దారాలుగా ఏదో ఉంది. ఎవరో పిల్ల దాన్ని ముళ్ల చెంచాకు చుట్టి పైకెత్తింది. అడుగు నుంచి తెల్లటి జిగురు సాగుతూ వచ్చి, తెగి, మళ్లీ పళ్లెంలో పడింది. ఆ పిల్ల కళ్లు మూసుకుని స్వర్గం కనబడ్డట్టు తల ఊపింది. నాకైతే పడిశం పట్టిన దూడ ముక్కు గుర్తొచ్చింది. అనిపించింది దాచుకునే అలవాటు నాకు లేదు.

“ఛీ! గదేందే, దూడ చీమిడి లెక్కున్నది?”

“అమ్మమ్మా, గది పాస్తా. ఇటలీ దేశపోళ్ల తిండి. నాకు గది తినాలనిపిస్తంది” అంది మనవరాలు.

తినాలనిపిస్తోందన్న మాట ఆ పిల్ల నోట విని చాలా కాలమైంది. నా బిడ్డ, అంటే ఆ పిల్ల తల్లి, వాకిట్లో చాట పట్టుకున్నది పట్టుకున్నట్టే ఆగిపోయి నా వైపు చూసింది. ఇంకొక్క మాట అన్నావంటే చూడు అన్నట్టుంది ఆ చూపు.

మనవరాలు హైదరాబాదులో ఒక ఆఫీసులో పనిచేసేది. మొదటి జీతం వచ్చినప్పుడు తోటి పిల్లలతో కలిసి ఒక హోటల్లో ఈ తెల్ల పాస్తా తిన్నదట. కొన్నాళ్లకు వేళ్ల కణుపులు వాచాయి. పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకోదు. దువ్వెన పట్టుకోలేదు. నోటి నిండా పుండ్లు. ఉద్యోగం వదిలేసి పినపాక దగ్గరి మా ఊరికి వచ్చేసింది. ఖమ్మంలో చూపిస్తే అక్కడి డాక్టరు నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు.

“మీ ఇంటి కాపలా కుక్క మీ ఇంటోళ్లనే కరుస్తందనుకో పెద్దమ్మా. గట్లాంటి జబ్బు.”

కుక్కయితే కర్ర తీసుకుని తరిమేదాన్ని. ఒంట్లో ఉన్నదాన్ని ఎక్కడికి తరుముతాం?

మందులు ఇచ్చాడు. ఇంకో గట్టి మందు ఉంది, దానితో వేళ్లు మళ్లీ వంగుతాయని ఆశ ఉంది, కానీ పిల్ల ఇంత బక్కగా ఉంటే ఆ మందు మొదలుపెట్టలేను అన్నాడు. కొంచెం కండ పట్టించి తీసుకురండి అన్నాడు. పక్క గదిలో తిండి సంగతి చూసే మేడమ్ ఉంది. ఏ తిండి పడటం లేదో తెలియాలంటే కొన్నాళ్లు చాలా వాటిని మానేసి, తర్వాత ఒక్కొక్కటే కలిపి చూడాలని చెప్పింది. ఏవేవి మానాలో చెప్పుకుంటూ పోతుంటే ముందు నాకు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. అన్నం వద్దు. గోధుమ, జొన్న, మక్క వద్దు. పప్పులు వద్దు. పాలు, పెరుగు, నెయ్యి వద్దు. గుడ్డు వద్దు. పల్లీలు, నువ్వులు వద్దు. టమాట, వంకాయ, ఆలుగడ్డ వద్దు. ఆవాలు, జీలకర్ర, ధనియాలు, మిరియాలు కూడా వద్దంది. అన్నిటికీ చివర మిరపకాయ వద్దంది.

“మరి బతకాల్నా వద్దా మేడమ్?” అన్నాను.

“మాంసం, చేపలు, ఆకుకూరలు, దుంపలు, కొబ్బరి, ఎల్లిపాయ ఇవన్నీ ఉన్నయి కద పెద్దమ్మా” అంది ఓపిగ్గానే.

ఆవిడ తప్పేమీ లేదు. కానీ మా ఊరి మనిషితో మిరప వద్దని చెప్పాలంటే గుండె ధైర్యం ఉండాలి. మా గోదావరి ఒడ్డు చేలల్లో వేసేది మిరప. ఆడవాళ్లం కూలికి పోయేది మిరపకు. ఏరడానికి పోతాం, ఎండబోయడానికి పోతాం, కల్లంలో కూర్చుని మంచి కాయ నుంచి తెల్లబడ్డ తాలు కాయ వేరు చేయడానికి పోతాం. సాయంత్రం ఇంటికొచ్చి అన్నంలో కలుపుకునేదీ అదే. మా ఊళ్లో పసిపిల్లలకు అన్నప్రాసన అయిన మరునాడే నాలుక మీద కారం పడుతుంది. నా మనవరాలు చిన్నప్పుడు పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ బడికి పోయేది.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు రోత. ఉప్పు, పసుపు తప్ప ఏమీ లేని కోడికూర వండితే, జ్వరమొచ్చిన కోడికి పసుపు నీళ్లతో స్నానం చేయించినట్టుంది. పోపు లేని తోటకూర మేకలు నమిలి ఉమ్మేసినట్టుంది. నా బిడ్డ పక్కన కూర్చుని, “మస్తుంది బిడ్డా, నేను గూడ తింట” అని ఒక ముద్ద నోట్లో వేసుకుని, మొఖం గోడ వైపు తిప్పి మింగేది. పరామర్శకు వచ్చిన చుట్టాలు ఇంకా రోత. “పాపం, గీ తిండి ఎట్ల తింటవ్ తల్లీ” అని ముక్కు చీదేవాళ్లు. చీది, అవతలి గదిలో కూర్చుని మా ఎర్రటి చేపల పులుసు వేళ్లు నాక్కుంటూ తినేవాళ్లు. ఆ చప్పుడు పిల్లకు వినబడేది.

పిల్ల తినడం తగ్గించింది. తర్వాత పళ్లెం పక్కకు నెట్టడం మొదలుపెట్టింది. నడుముకు కట్టుకున్న పైజామా జారిపోతుంటే ముడి వేసుకునేది, ఆ ముడి కూడా వేళ్లతో వేయలేక తల్లిని పిలిచేది. మందు మొదలవాలంటే కండ పట్టాలి, కండ పట్టాలంటే తినాలి, తినమంటే తినదు. ఒకసారి నేను గట్టిగా అరిచాను.

“ఏం పుట్టిందే నీకు? తినకపోతే మందెట్ల ఇస్తరు? గట్లనే ఎండిపోతవా?”

“మీరందరు నా పళ్లెం దిక్కు చూసి మొఖాలు గట్ల పెడితే నాకెట్ల దిగుతది అమ్మమ్మా?” అంది. “అమ్మ మస్తుందంటది, బయటికి పోయి ఉమ్మొస్తది. నేను చూడలేదనుకుంటున్నవా?”

నా బిడ్డ తల దించుకుంది. అలాంటి రోజుల్లో ఆ పిల్ల ఫోను చూసి, తనంతట తాను, ఫలానాది తినాలనిపిస్తోంది అంది. అందుకే దూడ చీమిడి అయినా సరే, చేసి పెట్టాలనుకున్నాం.

ఆ తెల్ల పాస్తాలో ఉండేవన్నీ వద్దన్నవే. గోధుమ పిండి, పాల మీగడ, జున్ను, వెన్న, మిరియాలు. కానీ ఇలాంటి పథ్యం వాళ్ల కోసం వేరే రకంగా చేస్తారని మనవరాలు ఫోనులో వెతికి పట్టుకుంది. గోధుమకు బదులు కర్రపెండలం పిండి. మీగడకు బదులు ఉడికించిన గోబీ పువ్వు, ఎల్లిపాయ, కొబ్బరిపాలు, ఎముకల పులుసు కలిపి నూరిన ముద్ద. పులుపుకు నిమ్మకాయ. పేరు మాత్రం పాస్తానే.

మణుగూరు సంతలో కర్రపెండలం దుంపలు దొరికాయి. చెక్కు తీసి, కోరి, నీళ్లలో నానబెట్టి, గుడ్డలో వేసి పిండి, ఎండబెట్టి, దంచి జల్లించాలి. కోరిన దుంప నీళ్లలో వేసి పిసుకుతుంటే అడుగున తెల్లటి గుండ పేరింది. ఆ వాసన ముక్కుకు తగలగానే నా చెయ్యి ఆగిపోయింది.

నేను పుట్టింది అడవి లోపలి ఊళ్లో. వాన పడని ఏడు మా వాళ్లు అడవిలో తాటిలా పెరిగే జీలుగు చెట్టు నరికేవాళ్లు. కాండం చీల్చి, లోపలి మెత్తటిది దంచి, నీళ్లలో పిసికి, అడుగున పేరిన గుండతో జావ కాచేవాళ్లు. ఉప్పు కూడా ఉండేది కాదు. వేడిగా ఉన్నప్పుడు జిగురు, చల్లారాక గిన్నె కదిపితే వణికేది. మా అమ్మ నా ముక్కు మూసి పోసేది. పెళ్లయి ఈ ఊరికొచ్చి, కూలి చేసి, ఎర్రటి కూరతో తెల్లటి అన్నం తిన్న రోజున ఇక జన్మలో ఆ జావ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు ఈ వయసులో నా ఇంట్లో, నా చేతుల్లో, అదే వాసన. ఇటలీ దేశపోళ్ల పేరు చెప్పుకుని మళ్లీ వచ్చి కూర్చుంది.

“ఏందమ్మా, గట్ల చూస్తున్నవ్?” అంది నా బిడ్డ.

“ఏం లేదు. మీ అమ్మమ్మ జ్ఞాపకమొచ్చింది” అన్నాను.

గిన్నెలన్నీ కొత్తవి కొన్నాం. మా ఇంట్లో మురుకుల గొట్టానికి కారం, మిక్సీకి కారం, రోటికి కారం. ఏది కడిగినా ఎర్ర నీళ్లే. పిల్ల నోట్లో పుండ్లకు ఆవగింజంత కారం తగిలినా నిప్పు పెట్టినట్టుంటుంది. అందుకని స్టీలు గొట్టం, మిక్సీకి ఇంకో గిన్నె, కొత్త కుండ, కొత్త గరిటె. నా పెళ్లికి కూడా ఇన్ని కొత్త సామాన్లు రాలేదు. కొట్టులో నూనె సీసా మీద రాసింది ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుతుంటే కొట్టతను విసుక్కున్నాడు.

“పరీక్ష రాస్తున్నవా ఏంది పెద్దమ్మా? జల్దీ కానీ, వెనక మంది ఉన్నరు.”

“అవ్, పరీక్షే. నువ్వు ఆగు” అన్నాను.

ఆ అక్షరాలు నాకు మనవరాలు నేర్పినవే. తను రెండో తరగతిలో ఉన్నప్పుడు పలక నా ఒళ్లో పెట్టి, నా జుట్టు అప్పటికే నెరిసినా సరే, కూర్చోబెట్టి దిద్దించింది. వంకర పోతే బలపంతో నా వేళ్ల మీద కొట్టేది. అప్పుడు ఆ వేళ్లు ఎంత చురుగ్గా ఉండేవో.

మొదటిసారి చేసినప్పుడు మొత్తం చెడిపోయింది. వేడి నీళ్లు పోసి పిండి కలిపాను. గొట్టంలో పెట్టి మరిగే నీళ్లలోకి ఒత్తాను. మురుకులు ఒత్తినట్టు ఒకదాని మీద ఒకటి గబగబా ఒత్తేశాను. అవి నీళ్లలో ఒకదానికొకటి అంటుకుని గోడకు కాగితాలు అంటించే మైదా అయ్యాయి. గరిటె నిలబెడితే నిలబడింది. ఇటు గోబీ పువ్వు ఉడుకుతుంటే ఇల్లంతా మురుగు కాలువ పక్కన కాపురం పెట్టినట్టుంది. మా పక్కింట్లో మటన్ కొట్టు సాయిబు కుటుంబం ఉంటుంది. ఆ జిగురు ముద్దను వాళ్ల మేక ముందు పడేస్తే, అది వాసన చూసి తల తిప్పుకుంది. సాయిబు భార్య గోడ మీద నుంచి చూసి పకపకా నవ్వింది.

“అక్కా, నా మేకను కోయడానికి పెంచుకుంటున్న. నువ్వు గిట్ల చంపకు.”

“నువ్వు చేసియ్యరాదు మరి, నవ్వుతున్నవ్ గానీ.”

“నాకు గా ఇటలీ తిండి రాదు. ఎముకల పులుసు మాత్రం కాచిస్త. మసాలా లేకుండ. మా ఆయనకు గిట్ల పోస్తే పుట్టింటికి పొమ్మంటడు” అంది. చెప్పినట్టే కాచి ఇచ్చింది, ఒకసారి కాదు, అవసరమైనప్పుడల్లా.

ఆలోపు మిరప కల్లాలు మొదలయ్యాయి. నేనూ నా బిడ్డా కూలికి పోవడం మొదలుపెట్టాం. పొద్దున పోయి తాలు ఏరి, ఎండ ముదిరాక ఇంటికి వచ్చేవాళ్లం. వచ్చాక నేను స్నానం చేసి, చేతులు సబ్బుతో తోముకుని, రెండోసారి పాస్తా మొదలుపెట్టాను. ఈసారి పిండి గట్టిగా కలిపాను. కొంచెం కొంచెమే ఒత్తి, తేలగానే తీసి, కొబ్బరినూనె పూసి విడదీశాను. కొబ్బరి కోరి, చేత్తో పిండి పాలు తీశాను. గోబీ, ఎల్లిపాయ, పులుసు, పాలు కలిపి నూరి, అందులో ఆ తెల్ల దారాలు వేసి కలిపాను. చూస్తే అచ్చం ఫోనులో ఉన్నట్టే ఉంది. అంతే తెల్లగా, అంతే జిగటగా, అంతే రోతగా. గరిటెత్తితే తీగ సాగింది. నేను మొఖం గోడకు తిప్పలేదు, పళ్ల బిగువున పళ్లెం తెచ్చి పిల్ల ముందు పెట్టాను.

పిల్ల నవ్వింది. చాలా రోజులకు నవ్వింది. చెంచాతో చుట్టి నోట్లో పెట్టుకుంది. ఒక్క క్షణం కళ్లు మూసుకుంది, ఫోనులో పిల్ల మూసుకున్నట్టే. మరుక్షణం చెంచా కింద పడింది.

“కారం! అమ్మమ్మా, మంట, మంట!”

నోరు పట్టుకుని వాకిట్లోకి ఉరికింది. పుక్కిలించి ఉమ్ముతోంది, ఏడుస్తోంది. నేను నా బిడ్డ మీద పడ్డాను.

“ఏమేసినవే దీంట్ల? రుచి లేదని చిటికెడు కారమేసినవా?”

“నేనెందుకేస్తనమ్మా? నేను పొయ్యి కాడికే రాలే. నువ్వే ఏమన్న మర్చిపోయి...”

“నాకింకా మతి పోలేదు. గా పిండిల కలిపిండ్రేమో.”

“పిండి నువ్వే దంచితివి కద!”

పిల్ల మధ్యలో అరిచింది. “చాలు. ఇంక నాకేం వద్దు. పాస్తా వద్దు, ఏం వద్దు. నాకు తిండి మాట ఎత్తకుండ్రి.”

ఆ మాటతో ఇంతకాలానికి తినాలనిపించిన ఒక్కటీ పోయింది. దగ్గరికి పోయి, గడ్డం పట్టుకుని, కళ్ల నీళ్లు అరచేత్తో తుడిచాను. పిల్ల కేక పెట్టింది. కళ్లు రెండూ గట్టిగా మూసుకుని, “కళ్లు, కళ్లు” అని నన్ను నెట్టేసింది.

పులుసు గిన్నె ఇవ్వడానికి వచ్చిన సాయిబు భార్య అప్పుడే గుమ్మంలో అడుగు పెట్టింది. గిన్నె కింద పెట్టి, ముందు పిల్ల కళ్లల్లో చెంబుతో నీళ్లు కొట్టింది. తర్వాత నా మణికట్టు పట్టుకుని లాగి, నా వేళ్లు వాసన చూసి, గట్టిగా తుమ్మింది. మళ్లీ చూసి మళ్లీ తుమ్మింది.

“తౌబా! అక్కా, ఇంట్ల మిరపకాయ ఎక్కడుందని వెతుకుతున్నవ్? నీ చేతులే మిరపకాయలు.”

నేను నా వేళ్లు నాలుక మీద పెట్టుకున్నాను. నాకేమీ తెలియలేదు. జీవితమంతా మిరపలో నానిన చేతులు, జీవితమంతా మిరప తిన్న నాలుక. ఆ రెండింటికీ ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. ఆవిడ నా చూపుడు వేలు తన పెదవికి ఆనించుకుని, “హా” అని నోరు విసురుకుంది.

నాకు నా చేతుల మీద రోత పుట్టింది. పాస్తా మీద పుట్టిన రోత దీని ముందు ఏమీ కాదు. సబ్బుతో కడిగాను. చింతపండుతో తోమాను. పొయ్యి బూడిదతో రుద్దాను. ఆముదం రాసి గుడ్డతో తుడిచాను. ప్రతిసారీ గోడ దగ్గరికి పోయి పక్కావిడకు వేలు చాపేదాన్ని, ఆవిడ పెదవికి ఆనించుకుని చూసేది.

“ఇంక ఉందక్కా.”

“సరిగ్గ చూడు.”

“సరిగ్గ చూసీ చూసీ నా మూతి వాచింది. మా ఆయన ఏమైందని అడుగుతుండు, ఏం చెప్పాలె?”

నా వేళ్ల పగుళ్లల్లోకి దిగిపోయింది. మరునాటి నుంచి కల్లానికి పోవడం మానేశాను. మానినా ఆ పగుళ్లు ఒక్కరోజులో పూడవు. నా బిడ్డ చేతులూ అంతే. చేతికి కవరు కట్టుకుని కలిపి చూస్తే వేడి పిండికి అంటుకుని చిరిగిపోయింది. పక్కావిడ చేతులు రోజూ మటన్ కూరకు కారం పట్టించే చేతులు. పిల్ల తండ్రి, అంటే మా అల్లుడు, మణుగూరు బొగ్గు గనికి షిఫ్టుకు పోతాడు, అతన్ని పిండి కలపమంటే బొగ్గు రంగు పాస్తా వస్తుంది. అయినా డబ్బాలో ఉల్లికారం కట్టుకుపోయే మనిషి. ఊళ్లో కారం అంటని చేతులు ఎవరివని ఒక్కొక్కరినీ అనుకుంటూ పోతే, అంగన్‌వాడీ టీచరు దాకా ఒక్కరూ తేలలేదు.

మంచంలో పడుకుని అన్నీ వింటున్న మనవరాలు లేచి కూర్చుంది.

“నావి ఉన్నయి కద” అంది.

నిజమే. ఖమ్మం నుంచి వచ్చినప్పటి నుంచి కారం ముట్టని చేతులు ఇంట్లో ఆ పిల్లవే. కానీ ఆ వేళ్లు ముడుచుకోవు.

“నీతోని ఏమైతదే? గ్లాసు పట్టుకోరాదు నీకు” అన్నాను.

“పిండి వేడిగ ఉంటది కద అమ్మమ్మా. పొద్దున వేడి నీళ్లల్ల చేతులు పెట్టుకుంటే కొంచెం సడలుతయి. గట్లనే అనుకుందాం. నువ్వు మాత్రం లోపటికి రాకు. గడప కాడ కూర్చో. ఏదీ ముట్టకు.”

మా ఊళ్లలో నెలసరి వచ్చిన ఆడదాన్ని వంటింటి గడప అవతల కూర్చోబెడతారు. ఆ ముట్టు నాకు ఆగిపోయి ఎన్ని ఏళ్లయిందో. ఇప్పుడు మళ్లీ నా వంటింటి గడప అవతల, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏదీ తాకకుండా కూర్చున్నాను. ఎంత అసహ్యంగా ఉందో చెప్పలేను. నా బిడ్డ పొయ్యి వెలిగించి, కళాయి పెట్టి, గరిటెతో మాత్రమే తిప్పింది. పిండి గిన్నె పిల్ల ముందుంది.

వేడి నీళ్లు పోసి వేళ్లు పెట్టింది. ముందు అరచేతి మడమతో నొక్కింది, వేళ్లు చాపే ఉన్నాయి. పళ్లు బిగబట్టింది. నేను అక్కడి నుంచి అరుస్తూనే ఉన్నాను.

“గట్ల కాదే, పక్కల నుంచి మధ్యకు లాగు. నీళ్లు చాలు. చాలన్న కద! ఇంక జర నొక్కు.”

“అమ్మమ్మా, నేను నీకు అక్షరాలు నేర్పినప్పుడు గింత ఒర్రిన్నా?”

“ఒర్రలేదు, కొట్టినవ్.”

పిల్ల నవ్వింది. నవ్వుతూనే కలిపింది. ముద్ద వేడిగా ఉన్నంతసేపు వేళ్లు కొంచెం కొంచెం వంగాయి. చల్లారితే నా బిడ్డ ఇంకో గరిటెడు వేడి నీళ్లు పోసేది. గొట్టం మూత తిప్పే బలం పిల్లకు లేదు. తల్లి చేతికి ప్లాస్టిక్ కవరు కట్టుకుని తిప్పింది. కొబ్బరిపాలు పిల్లే పిండింది, సగం కిందికి కారాయి. పాస్తా దారాలు సరిగ్గా రాలేదు, ఒకటి లావు, ఒకటి సన్నం, కొన్ని తెగి పురుగుల్లా తేలాయి. గోబీ ముద్ద వేసి కలిపేసరికి మళ్లీ అదే జిగురు, అదే మురుగు కాలువ వాసన, దాని కింద మా జీలుగు జావ వాసన. నేను ఎంత ఆపుకున్నా నా మొఖం నా మాట వినలేదు.

పిల్ల పళ్లెంలో పెట్టుకుని గడప దగ్గరికొచ్చి నా ఎదురుగా కూర్చుంది. చెంచా పక్కన పడేసి చేత్తోనే తీసుకుంది. తన నోట్లో పెట్టుకుంటుందనుకుంటే నా నోటి ముందు పెట్టింది.

“నువ్వు తిను ముందు.”

“నాకెందుకే? నేను ముట్టొద్దన్నవ్ కద.”

“నువ్వు ముట్టకు. నేను పెడ్త. ఒక్కదాన్నే తింటే నాకు దిగట్లేదు.”

నా బిడ్డ పొయ్యి దగ్గర నుంచి చేతులు జోడిస్తోంది, మంచిగుంది అని చెప్పమని. నేను నోరు తెరిచాను. పిల్ల వేళ్లు వాచిన వేళ్లే, కానీ ముద్ద పట్టుకుని ఉన్నాయి. నోట్లోకి జారింది. నమలడానికి ఏమీ లేదు, అది తనంతట తానే గొంతులోకి జారుతోంది. ఉప్పగా, కొబ్బరిగా, ఎల్లిపాయగా, మధ్యలో మా అమ్మ ముక్కు మూసి పోసిన జావగా ఉంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అది ప్రేమ కాదు, వాంతి ఆపుకోవడం. మింగాను.

“ఎట్లుంది?” అంది పిల్ల.

“ఛీ. చీమిడే. దూడది గూడ కాదు, ముసలి గేదెది. మా కరువులో తాగిన జావ దీనికంటే నయం. నీ హోటలోడు దీనికి నీ జీతం తీసుకుండంటే వాణ్ని జైల్ల ఎయ్యాలె.”

నా బిడ్డ తల పట్టుకుంది. పిల్ల ఒక్క క్షణం నన్నే చూసింది. తర్వాత పడీ పడీ నవ్వింది. పళ్లెం ఒళ్లో ఒలికిపోయేంత నవ్వింది.

“గింతకాలానికి ఒక్కరన్నా నిజం చెప్పిన్రు” అంది. “నిజంగ చీమిడి లెక్కనే ఉంది అమ్మమ్మా. గోబీ వాసన గూడ కొడ్తంది.”

“మరెందుకు తింటున్నవే?”

“నేను చేసిన కద.”

అని ముద్ద నోట్లో పెట్టుకుంది. మంట లేదు. ఇంకో ముద్ద పెట్టుకుంది. తను ఒకటి, నాకొకటి. నాకు పెట్టినప్పుడల్లా నేను తిట్టాను, కొత్త కొత్తగా తిట్టాను, గోడలకు వేసే సున్నమన్నాను, చంటిపిల్ల కక్కిన పాలన్నాను. ప్రతి తిట్టుకూ నవ్వి ఇంకో ముద్ద తిన్నది. గోడ అవతల నుంచి సాయిబు భార్య, “ఏందక్కా, పిల్లను తిడుతున్నవా పాస్తానా?” అని అడిగింది. “పాస్తానే” అన్నాను. “అయితే తిట్టు” అంది. పళ్లెం ఖాళీ అయింది. పిల్ల వేలితో అంచు కూడా తుడిచి నాకింది.

ఆ తర్వాత అదే మా ఇంటి పద్ధతైంది. పిల్ల కలుపుతుంది, నేను గడప అవతల కూర్చుని అరుస్తాను, అయ్యాక నోరు తెరుస్తాను, తిడతాను. కోడికూరనూ అలాగే తిట్టాం, తోటకూరనూ తిట్టాం. చుట్టాలు వచ్చి పాపం అనబోతే పిల్లే ముందు అంటుంది, “పాపం గీపం వద్దు. కూర్చొని తినుండ్రి, తిని తిట్టుండ్రి.” సగం మంది చెప్పులేసుకుని పోయారు. మంచిదైంది.

ఖమ్మం పోయినప్పుడు బరువు చూసే యంత్రం మీద నిలబెట్టారు. ముల్లు కదిలిందని డాక్టరు తలూపాడు. ఆ గట్టి మందు మొదలుపెడదామన్నాడు. తిండి మేడమ్ ఇంకొన్నాళ్లు ఇలాగే నడిపి, తర్వాత ఒక్కొక్కటి కలుపుదామంది.

“ముందు ఏది కలపమంటవ్ పెద్దమ్మా?” అని నన్నడిగింది నవ్వుతూ.

నేను చెప్పకముందే మనవరాలు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ వేళ్లు నా పెదవుల మీద వంగి ఉన్నాయి. గోబీ వాసన కొడుతున్నాయి. రోత.